తేట నీళ్ళలో ఏముంది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం ఏర్పాటు చేసిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధింసా చూసిన వెంటనే ప్రసంగం వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ వయసులో నేనూ వెనక వరుసలో కూర్చుని వంటశాల వైపు చూసినవాడినే. అందుకని ఎక్కువసేపు తీసుకోను, కానీ తీసుకున్నంతసేపూ వినండి.

నేను వచ్చి కూర్చోగానే ఒక చెల్లి నా ముందు 20 రూపాయల నీళ్ళ సీసా పెట్టింది. పట్నం నుంచి వచ్చిన సీసా అది. ఈ షామియానాకు కిలోమీటరు దూరంలో గెడ్డ పారుతోంది, ఆ కొండ మొదట్లో ఊట ఉంది, ఆ పక్కనే కుళాయి ఉంది. అయినా మన ఇంటికి వచ్చిన మనిషికి మన నీళ్ళు ఇవ్వడానికి మనకే ధైర్యం చాలలేదు. ఆ చెల్లిని నేను తప్పు పట్టడం లేదు. ఆ భయంలో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఏది నిజమో, ఏది కాదో చెప్పమనే కార్యదర్శిగారు నన్ను పిలిచారు. నీళ్ళు పరీక్షించే ల్యాబులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పెద్ద చదువు కాదు గానీ, మన కొండల్లో నేను మూత తీసి చూడని ట్యాంకులు తక్కువే.

మా ఊరి ఊట పనస చెట్టు కింద ఉండేది. అద్దంలా ఉండేవి ఆ నీళ్ళు. అడుగున ఉన్న ఇసుక రేణువులు లెక్కపెట్టవచ్చు. మేం చెప్పులు విప్పి దాని దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఎంగిలి చెంబు ముంచితే అవ్వ మొట్టికాయ వేసేది. అంత గౌరవంగా చూసుకున్న ఊట నీళ్ళు తాగే, నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక వానాకాలంలో మా వీధిలో ముగ్గురు వాంతులు విరేచనాలతో పోయారు. అందులో నా కంటే చిన్నది, మా పెద్దనాన్న కూతురు ఉంది. నీళ్ళు ఆ రోజు కూడా తేటగానే ఉన్నాయి. ఎవరికీ వాటి మీద అనుమానం రాలేదు. ఊటకు పైన ఏముందో ఎవరం తలెత్తి చూడలేదు. పైన పశువుల మంద తిరిగే బీడు ఉంది, దానికి ఇంకా పైన కొత్తగా వేసిన నాలుగు ఇళ్ళు ఉన్నాయి. పెద్ద వాన పడితే అక్కడిదంతా జారి, రాళ్ళ సందుల్లోంచి దిగి, ఊటలో కలుస్తుంది.

మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐ.ఎస్. 10500 అంటారు, 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఈ.కోలి సూక్ష్మజీవి ఒక్కటి కూడా కనపడకూడదంటుంది. చిన్న టీ గ్లాసుడు నీళ్ళన్నమాట. ఒక్క గ్రాము మలంలో ఆ సూక్ష్మజీవులు లక్షలు, కోట్లు ఉంటాయి. కంటికి మురికి కనపడేంత కలిస్తే ఏ మనిషీ తాగడు. కనపడనంత కలిస్తేనే కదా ప్రమాదం!

పెద్దలకు ఏమీ తెలియదని మాత్రం అనుకోకండి. వానాకాలం గెడ్డ నీళ్ళు ఎర్రగా వస్తే మా అవ్వ చిల్లగింజ తీసి కుండ లోపలి వైపు గరగర రుద్దేది. దాన్నే ఇండుపగింజ అని కూడా అంటారు. రాత్రి నింపిన కుండలో పొద్దున్నకు మన్ను అంతా అడుక్కు దిగి నీళ్ళు తేటపడేవి. మన అడవి గింజే, మనం సంతలో అమ్ముకునేదే. మట్టి రేణువులను ఒకదానికొకటి అంటుకునేలా చేసి కిందికి దించే గుణం దానిలో ఉంది. పట్నం నీళ్ళ ప్లాంటులో పటికతో చేసేది కూడా ఇదే పని. మట్టితోపాటు కొన్ని సూక్ష్మజీవులు కూడా దిగుతాయి, కానీ అన్నీ దిగవు. ప్లాంటులో పటిక తర్వాత వడపోత, ఆ తర్వాత క్లోరిన్ ఉంటాయి. మా అవ్వ దగ్గర మొదటి మెట్టు ఉంది, మిగతా రెండూ లేవు. ఆ రెండోది, మూడోది నేర్చుకుని ఊరికి తీసుకెళ్ళాలనే నేను ఈ ఉద్యోగంలో చేరాను.

తీసుకెళ్ళి ఏం చేశానో ఇప్పుడు చెబుతాను. ఇది నేను సభల్లో చెప్పే సంగతి కాదు. కానీ మీరు రేపు ఊళ్ళో నీళ్ళ కమిటీల్లో కూర్చునేవాళ్ళు, మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి?

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక ఊళ్ళో అతిసారం మొదలైందని కబురు వచ్చింది. ఆ ఊరికి ఊట నుంచి గ్రావిటీ పైపు, 10,000 లీటర్ల సిమెంటు ట్యాంకు ఉన్నాయి. నేను బ్లీచింగ్ పౌడరు సంచితో ఎక్కాను. వెళ్ళేసరికి చీకటి పడుతోంది. తక్కెడ లేదు. ఎక్కువైతే ఏమవుతుంది, సూక్ష్మజీవులు గట్టిగా చస్తాయి అనుకున్నాను. దోసిళ్ళతో ఓ కిలో దాకా ట్యాంకులో వేసి, కర్రతో కలిపి, వాల్వు తిప్పి, నా పని అయిపోయిందని పడుకున్నాను.

మంచి బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. తేట నీళ్ళకు 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల పౌడరు సరిపోతుంది. అంటే ఆ ట్యాంకుకు 25 గ్రాములు, మహా అయితే నాలుగైదు చెంచాలు. నేను వేసింది దానికి 40 రెట్లు. అంత మోతాదు ఖాళీ ట్యాంకులు, కొత్త పైపులు కడగడానికి వాడతారు. కడిగాక ఆ నీళ్ళు పూర్తిగా వదిలేసి, మళ్ళీ నింపాలి. నేను వాటినే జనం బిందెల్లోకి పంపాను.

పొద్దున్నే పిల్లలు తాగి కక్కేశారు. గొంతు మండిందన్నారు. ఒక ముసలమ్మ అంబలి కాస్తే కుండంతా కంపు కొట్టింది. మధ్యాహ్నానికి ఊరంతా కుళాయి వదిలేసి గెడ్డ ఒడ్డున చెలమలు తీసుకుంది. అతిసారం ఉన్న ఊళ్ళో, వానాకాలంలో, గెడ్డ ఒడ్డు చెలమ! వారం తిరక్కుండా ఇంకో అయిదుగురు పడిపోయారు. ఆరేళ్ళ పిల్లను డోలీలో 11 కిలోమీటర్లు మోసుకెళ్ళారు. మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పిల్ల బతికింది. వాళ్ళమ్మ ఆస్పత్రి గుమ్మంలో నాతో ఒక్క మాటే అంది: "బాబూ, నీ మందు నీళ్ళకంటే మా చెలమ నయం." ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ ఊరివాళ్ళు ట్యాంకులో ఎవరినీ పౌడరు వెయ్యనివ్వలేదు. వాళ్ళది మొండితనం అని ఆఫీసులో అందరూ అనుకున్నారు. ఎవరి మొండితనమో నాకొక్కడికే తెలుసు.

అందుకే ఇది మాత్రం కొంచెం వివరంగా వినండి. పౌడరును నేరుగా ట్యాంకులో గాని, బావిలో గాని కుమ్మరించకూడదు. ముందు నీళ్ళు ఎన్ని లీటర్లో లెక్క కట్టాలి. గుండ్రటి బావి అయితే వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని నీటి లోతుతో గుణించి, మళ్ళీ 785తో గుణించండి. కొలతలన్నీ మీటర్లలో తీసుకుంటే లీటర్లు వస్తాయి. పదో తరగతి లెక్కే, ఫోనులో కూడా చేసుకోవచ్చు. పౌడరు తూచి, ప్లాస్టిక్ బకెట్టులో కాసిన్ని నీళ్ళతో ముద్ద చేసి, తర్వాత బకెట్టు ముప్పాతిక దాకా నింపి కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. అడుగున దిగేది సున్నం, అది పారెయ్యాలి. పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పొయ్యాలి. గంట ఆగాక వాల్వు తిప్పాలి. ఊరి చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర ఉండి, చివరి కుళాయిలో లేకపోతే మధ్యలో ఎక్కడో పైపు దాన్ని తినేస్తోందని అర్థం. ఆ సంగతికి వస్తాను.

ఇంకో రెండు హెచ్చరికలు. మూత సరిగా లేని సంచిలో, చెమ్మ తగిలేలా ఏడాదిగా ఉన్న పౌడరులో క్లోరిన్ పోయి ఉత్త సున్నమే మిగులుతుంది. కంపు లేని బ్లీచింగ్‌ను నమ్మకండి. రెండోది ప్రాణం మీదికి వచ్చేది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను కలపొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గాలి పుడుతుంది, ఊపిరితిత్తులు కాలిపోతాయి. మూసి ఉన్న ట్యాంకులోకి పౌడరు పట్టుకుని ఒంటరిగా దిగి గోడలు తోమే పని కూడా చెయ్యొద్దు. మూతలన్నీ తీసి గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషిని నిలబెట్టి దిగండి.

ఇక పైపుల సంగతి. ఇదీ మన కొండల్లో చాలామందికి తెలియనిదే.

వాన నీరు ఆకుల కుప్పల్లోంచి, వేళ్ళ మధ్యలోంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. సోడాలో ఉండే గాలి అదే. కాబట్టి ఊట నీటికి కాస్త ఆమ్ల గుణం వస్తుంది. మైదానంలో బోరు నీరు సున్నపు రాళ్ళ మధ్య తిరిగి, ఖనిజాలు నింపుకుని, కడుపు నిండి పైకి వస్తుంది. మన ఊట నీటికి చాలాచోట్ల అంత ఖనిజం దొరకదు. అది ఆకలి మీద ఉన్న నీరు. ఏ లోహం తగిలితే దాన్ని కొంచెం కొంచెం కొరుక్కు తింటుంది. జీ.ఐ. పైపు లోపల ముందు జింకు పూతను తింటుంది, తర్వాత ఇనుమును పడుతుంది. కొన్నేళ్ళకు పైపు లోపల తుప్పు బుడిపెలు కట్టి, అంగుళం పైపు చిటికెన వేలంత సందుకు వస్తుంది. ఆ బుడిపెల కింద సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. మనం వేసిన క్లోరిన్‌ను ఆ తుప్పే ఖర్చు చేసేస్తుంది. ఇందాక చివరి కుళాయిలో క్లోరిన్ లేకపోవడం గురించి చెప్పాను చూడండి, దానికి ఇది ఒక కారణం. బోరు నీటి పైపుల్లో తెల్లగా పెచ్చు కడుతుంది, మనం తిట్టుకుంటాం. ఆ పెచ్చు పైపుకు కవచం కూడా, అదొక విచిత్రం.

మా మేనల్లుడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గోడల్లో జీ.ఐ. పైపు, మెరిసే ఇత్తడి కుళాయిలు, తెల్లటి వాష్ బేసిన్. ఏడాది తిరిగేసరికి బేసిన్‌లో కుళాయి కింద పచ్చని చార పడింది. దేవుడి గంట మీద చింతపండు వేసి తోముతామే, అదే చిలుము. పొద్దున మొదటి చెంబు నీళ్ళు ఇనుము నాకినట్టు ఉన్నాయని కోడలు అంది. ఆ మొదటి నీళ్ళతోనే వాళ్ళు పసిదానికి డబ్బా పాలు కలుపుతున్నారు.

ఇత్తడి అంటే రాగి, జింకు. కుళాయిల ఇత్తడిలో కొద్దిగా సీసం కూడా కలుపుతారు, మరలు కొయ్యడానికి తేలికని. రాత్రంతా ఆకలి నీరు ఆ కుళాయిలో నిలబడితే సీసం కూడా కరుగుతుంది. రెండు సీసాలు పట్టించుకుని ల్యాబుకు తీసుకెళ్ళాను. ఒకటి తెల్లవారగానే పట్టింది, రెండోది మూడు నిమిషాలు కుళాయి వదిలేశాక పట్టింది. మొదటి దానిలో సీసం పరిమితి దాటింది, రెండో దానిలో లోపలే ఉంది. మన ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే పిల్లల ఒంట్లో సీసం ఇంత ఉన్నా ఫరవాలేదని చెప్పగలిగే స్థాయే లేదంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. జ్వరం రాదు, వాంతి రాదు. పిల్లవాడి మెదడు ఎదుగుదల మీద పని చేస్తుంది. ఎప్పుడో బడిలో మందంగా ఉన్నాడని మాస్టారు అంటే గాని ఎవరికీ తెలియదు.

నీళ్ళు మరిగించి పాలు కలుపుతున్నాం కదా మామయ్యా అని కోడలు అడిగింది. మంచి ప్రశ్న. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. కుతకుత ఒక్క నిమిషం మరిగితే చాలు, మన కొండల ఎత్తుకు కూడా అది సరిపోతుంది. కానీ సీసం చచ్చేది కాదు. ఫ్లోరైడు, నైట్రేటు కూడా అంతే. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అవి ఇంకా చిక్కబడతాయి. చారు కాగితే ఉప్పెక్కినట్టు.

ఆ ఇంట్లో చేసిన పని చిన్నదే. అర అంగుళం పైపులో మీటరుకు 180 మిల్లీలీటర్ల నీరు నిలుస్తుంది. ట్యాంకు నుంచి వంటగదికి 20 మీటర్లంటే దాదాపు మూడున్నర లీటర్లు. పొద్దున్నే ఒక చిన్న బకెట్టు పట్టి మొక్కలకు పొయ్యి, ఆ తర్వాతి నీళ్ళు తాగడానికి పట్టు అని చెప్పాను. గీజరు నీళ్ళు వంటకు వాడొద్దన్నాను, వేడి నీరు లోహాన్ని ఇంకా త్వరగా తింటుంది. చేతిలో డబ్బు ఆడాక వంటింటి కుళాయి, పైపు మార్చాడు. ప్లాస్టిక్ పైపు అనగానే క్షేమం అనుకోకండి. పీవీసీ పైపు గట్టిపడటానికి కూడా సీసం లవణాలు వాడే అలవాటు ఉండేది. దాని మీద కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ఐ.ఎస్.ఐ. మార్కు, తాగునీటి పైపుకు ఉండే 4985 నంబరు చూసి కొనండి. కరెంటు వైర్లకు వేసే చవక పైపును నీళ్ళకు వేసే ప్లంబర్లు ఉన్నారు. మీలో ఐ.టి.ఐ. ప్లంబింగ్ చదివినవాళ్ళు ఉంటే ఆ పని చెయ్యకండి.

ఇదంతా మన కొండల గోల అనుకునేరు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే పట్నం ఉంది. అప్పట్లో దాదాపు లక్ష జనాభా, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, పేదలు. ఖర్చు తగ్గించుకోవడానికి 2014 ఏప్రిల్‌లో ఆ ఊరి నీటిని డెట్రాయిట్ సరఫరా నుంచి ఫ్లింట్ నదికి మార్చారు. నది నీటికి లోహాన్ని కొరికే గుణం ఎక్కువ. పైపు లోపల పొర కట్టి కాపాడే ఫాస్ఫేటు కలపాలి, కలపలేదు. పాత సీసపు పైపుల్లోంచి సీసం కుళాయిల్లోకి వచ్చింది. జనం రంగు మారిన నీళ్ళ సీసాలు పట్టుకుని సభలకు వచ్చారు. నీళ్ళు బాగానే ఉన్నాయని అధికారులు చెబుతూ పోయారు. అదే ఏడాది అక్టోబరులో జనరల్ మోటార్స్ ఇంజిన్ల కర్మాగారం ఆ నీళ్ళు తమ భాగాలను తుప్పు పట్టిస్తున్నాయని వాటిని వాడటం మానేసింది. ఇనుప ముక్కలకు పనికిరాని నీళ్ళు పసిపిల్లలకు ఇంకో ఏడాది పోశారు. లీఆన్ వాల్టర్స్ అనే తల్లి పట్టు విడవకుండా తన కుళాయి నీళ్ళు పరీక్ష చేయించింది. వర్జీనియా టెక్ నుంచి మార్క్ ఎడ్వర్డ్స్ బృందం వచ్చి ఊరంతా సీసాలు పంచింది. మోనా హన్నా అటీషా అనే పిల్లల డాక్టరు రక్త పరీక్షల లెక్కలు తీసి 2015 సెప్టెంబరులో బయటపెట్టింది. అక్టోబరులో పాత నీటికి మార్చారు.

మనకు దీనిలో పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. పైపులు పాతవే, నీరు మారింది, అక్కడే వచ్చింది చిక్కు. మన ఊళ్ళలో ఇప్పుడు జరుగుతున్నది కూడా ఇలాంటిదే. బోరు నీళ్ళు పారిన పైపులోకి ఊట నీళ్ళు వదులుతారు, లేదా ఊట ఎండితే బోరు కలుపుతారు. జలజీవన్ మిషన్ వచ్చాక ఇంటింటికీ కుళాయి వచ్చింది, సంతోషం. నీటి మూలం మార్చిన ప్రతిసారీ కుళాయి దగ్గర నీళ్ళు మళ్ళీ పరీక్ష చేయించమని గ్రామసభలో అడగండి. ట్యాంకు దగ్గర పరీక్షించి బాగుందంటే సరిపోదు. మనం ట్యాంకు దగ్గర నోరు పెట్టి తాగం కదా.

విశాఖపట్నంలో, హైదరాబాదులో గదులు తీసుకుని చదువుకునే తమ్ముళ్ళకు ఒక వేడుక చెప్పాలి. ఒక సేల్స్ కుర్రాడు వస్తాడు. రెండు గ్లాసులు పెడతాడు, ఒకటి మీ కుళాయి నీరు, ఒకటి ఆర్వో నీరు. లోహపు కడ్డీలున్న చిన్న పెట్టెను రెండింటిలో ముంచి స్విచ్ వేస్తాడు. మీ గ్లాసు నిమిషంలో ఎర్రటి బురద అవుతుంది, వాడిది తేటగా ఉంటుంది. "ఇదండీ మీరు తాగుతున్నది" అంటాడు. ఆ బురద నీళ్ళది కాదు, కడ్డీలది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది, కడ్డీ ఇనుము కరిగి తుప్పవుతుంది. ఆర్వో నీటిలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు. ఈసారి వస్తే వాడి గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ స్విచ్ వెయ్యమనండి. మా పిన్ని కొడుకు ఇది తెలియక వాయిదాల మీద మిషను కొని ఊరికి తెచ్చాడు. మా ఊట నీళ్ళలో మొత్తం లవణాలు నేను కొలిచినప్పుడు లీటరుకు 60 మిల్లీగ్రాములు దాటలేదు. ప్రమాణమే 500 వరకు మంచిదంటుంది. ఉన్న ఆ కాస్తా తీసెయ్యడానికి రెండు మూడు గ్లాసులు పారబోసి ఒక గ్లాసు తాగుతున్నాడు. పైగా ఆ నీరు ఇంకా ఆకలిగొన్న నీరు, దాన్ని ఇత్తడి బిందెలో పోసి పెడుతున్నాడు.

ఆర్వో దండగ అని చెప్పడం లేదు. నల్లగొండ వైపు, ప్రకాశం వైపు బోర్లలో ఫ్లోరైడు ఉన్నచోట అవసరమే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అక్కడి రోగానికి అక్కడి మందు. మన ఊట మీద పశువులు తిరుగుతుంటే ముందు కావలసింది ఊట చుట్టూ కంచె, మూత, తర్వాత తూచి వేసిన క్లోరిన్.

కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళు గంటసేపు ఉంచితే ఎర్రబడతాయి. బట్టలు పసుపెక్కుతాయి, అన్నం రంగు మారుతుంది. అది ఇనుము. అవునో కాదో తేల్చుకోవడానికి మన అడవిలోనే మందు ఉంది. కరక్కాయ చితగ్గొట్టి ఆ నీళ్ళలో వెయ్యండి. ఇనుము ఉంటే నల్లబడుతుంది. పాతకాలంలో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసినది ఇలాగే, అన్నభేది అంటే ఇనుప లవణమే. ఆ మాత్రం ఇనుము ఒంటికి పెద్ద హాని చెయ్యదు. హాని ఎక్కడంటే, రంగు బాగాలేదని ఆ బోరు వదిలేసి జనం మళ్ళీ తేటగా కనపడే చెలమకు పోతారు. బిందెల్లో పట్టి, గాలి తగిలేలా ఒక దానిలోంచి ఒక దానిలోకి పొయ్యండి. రాత్రంతా ఉంచి, ఇసుక, కంకర కుండలో వడకట్టండి. ఇనుము చాలావరకు దిగిపోతుంది.

నా టైము అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క పని చేసి వెళ్ళండి.

అదిగో, ఆ మూల బల్ల మీద చిన్న సీసాలు పెట్టించాను. లోపల అడుగున పొడి మందు ఉంది, దాన్ని వేలితో ముట్టకండి. రేపు పొద్దున మీ ఇంటి కుళాయి నీళ్ళు గీత దాకా పట్టండి, గీత దాటనివ్వకండి. మూత బిగించి, వెచ్చగా ఉండే చోట, పొయ్యికి కాస్త దూరంగా ఒక రోజు, చలిగా ఉంటే రెండు రోజులు పెట్టండి. నల్లబడితే ఆ నీటిలో మల సంబంధమైన సూక్ష్మజీవులు ఉండవచ్చని గుర్తు. నల్లబడకపోతే ఈసారికి దొరకలేదని అర్థం. వాన పడ్డాక ఇంకోసారి చూడాలి. నల్లబడిన సీసాలో నీళ్ళు గెడ్డలో పారబొయ్యకండి, బ్లీచింగ్ వేసి గోతిలో పొయ్యండి. నల్లబడిన రోజు నుంచే మరిగించి తాగండి, మీ ఊరి ఆశా కార్యకర్తకు, పంచాయతీ సెక్రటరీకి చూపించండి. ఊళ్ళో టెస్ట్ కిట్ పరీక్షలు నేర్చుకున్న ఆడవాళ్ళు ఉంటే వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి, వాళ్ళ మాటకు బలం ఉంటుంది.

సీసా మీద కాగితం అంటించి ఊరి పేరు, కుళాయి ఎవరింటి ముందుదో, తేదీ రాయండి. బల్ల దగ్గర ఒక పుస్తకం కూడా ఉంది. సీసా తీసుకున్నవాళ్ళు దానిలో సంతకం పెట్టండి. వచ్చే ఆదివారం సంతకు నేను వస్తాను, చింతచెట్టు కింద ఉంటాను. సీసాలు అక్కడికి తీసుకురండి. నేను డోలీ మోసిన ఆ ఊరి నుంచి ఈ రోజు ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ముందు వాళ్ళకు ఇవ్వండి, రెండేసి ఇవ్వండి.

జోహార్.